కుట్లు లేని గాయం

మా వైపు ఎవరికైనా దెబ్బ తగిలిందంటే ఎలా తగిలిందని ముందు అడగరు. ఎన్ని కుట్లు పడ్డాయని అడుగుతారు. రెండో మూడో అంటే ‘అయ్యో’ అని ఊరుకుంటారు. పది దాటితే కుర్చీ వేసి కూర్చోబెడతారు, టీ తెప్పిస్తారు. ఒక్కటి కూడా పడలేదంటే మాట మార్చి వానల సంగతో పెళ్ళిళ్ళ సంగతో ఎత్తుకుంటారు. గాయానికి మా దగ్గర ఉన్న తూకం అదొక్కటే.

ఆ తూకంలో చూస్తే మా ఊళ్ళో షాలేమ్‌రాజును మించిన పెద్దమనిషి లేడు. పామాయిల్ గెలలు కోసే ముఠాకు అతను మేస్త్రి. ఎడమ పిక్క మీద పొడుగ్గా ఒక వరస కుట్లు, భుజం మీద ఒక వరస, మోచేతి కింద ఒకటి, కనుబొమ మీదుగా నుదుటి దాకా ఇంకొకటి. లుంగీ ఎగగట్టి చర్చి మెట్ల మీద కూర్చుంటే పిల్లలు చుట్టూ చేరి లెక్కపెట్టేవాళ్ళు. ‘తాతా, నిన్ను ఏ దర్జీ కుట్టిండే?’ అని ఒకడు అడిగితే, ‘దర్జీలు మస్తుమంది కుట్టిండ్రు బిడ్డా, కొలతలే ఎవ్వడూ సరిగ్గ తీసుకోలే’ అని నవ్వేవాడు. ఆ ముఠా కోసిన గెలలను అశ్వారావుపేట మిల్లుకు తోలే ట్రాక్టరువాణ్ణి నేను. ఏళ్ళ తరబడి ఆ మనిషిని దగ్గరగా చూశాను కనుక అతని గురించి నేనే రాయాలి. వేరేవాళ్ళు రాస్తే బంక గురించి రాస్తారు.

పామాయిల్ తోట రోడ్డు మీంచి చూసేవాళ్ళకు చల్లగా పార్కులా కనిపిస్తుంది. కార్లు ఆపి ఫోటోలు దిగిపోతారు కూడా. లోపలికి పోతే దాని సంగతి తెలుస్తుంది. మట్ట మొదట్లో రెండు పక్కలా మేకుల్లాంటి ముళ్ళు. గెల బరువు చూస్తే ఎదిగిన మేకపోతంత ఉంటుంది, దానికీ ముళ్ళే. ముదురు చెట్లకు పొడుగాటి గెడ చివర కొడవలి బిగించి, మెడలు విరిగేలా పైకి చూస్తూ, ముందు మట్ట కోయాలి, తర్వాత గెల కోయాలి. కోసిన మరుక్షణం పక్కకు దూకాలి. దూకడం ఆలస్యమైతే షాలేమ్‌రాజు భుజం మీది వరస లాంటిది ఒకటి మనకూ వస్తుంది. ఈ పని చేసేవాడికి దెబ్బ తగులుతుందా లేదా అని ఎవరూ అనుకోరు. ఎప్పుడు తగులుతుందనే అనుకుంటారు.

ముఠా అంటే కూలికి పోయే గుంపు కాదు. తోట యజమాని కోతకు ఇచ్చిందంతా ఒక్కచోట వేసి సమానంగా పంచుకుంటారు. మా వాడ క్రిస్టియన్లు సగం, పక్క తండా లంబాడీలు సగం. ఒకడికి దెబ్బ తగిలి ఇంట్లో కూర్చుంటే వాడి వాటా వాడికి పోవాలని షాలేమ్‌రాజే మొదట్లో అన్నాడు. అందరూ సరేనన్నారు. అన్నాక వీరబాబు అనేవాడు బొటనవేలికి పసుపు గుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. ఎన్నాళ్ళు చూసినా ఆ గుడ్డ విప్పడు. చివరికి ముఠాలోని తండా మనిషి ధన్‌సింగ్ భద్రాచలం పోయినప్పుడు, గోదావరి ఒడ్డున అదే వేలితో మిరపకాయ బజ్జీలు తుంచుకుని తింటున్న వీరబాబు కనబడ్డాడు. గుడ్డ లేదు, గాయమూ లేదు. ముఠా చీలిపోయేంత గొడవైంది.

అప్పుడు షాలేమ్‌రాజు నా ట్రాక్టరు తొట్టి ఎక్కి నిలబడి రూలు పెట్టాడు. ‘కుట్లు పడ్డోడు కూసోవాలె. కుట్లు విప్పేదాక వాని వాటా వానికి. కుట్లు పడనోడు పనికి రావాలె. నాకైనా గంతే, నా తమ్మునికైనా గంతే.’ నిజం చెప్పాలంటే చాలా మంచి రూలది. పసుపు గుడ్డ ఎవడైనా చుట్టుకుంటాడు. కుట్టు తనకు తాను వేసుకునేవాడు లేడు కదా. డాక్టరు వేయాలి, డాక్టరే విప్పాలి. దొంగవేషాలకు సందు లేదు. ఆ రోజు నుంచి ముఠాలో గాయాల గురించి తగవు రాలేదు. చుట్టుపక్కల ముఠాలు కూడా ఆ రూలే పెట్టుకున్నాయి. షాలేమ్‌రాజుకు జీవితంలో గర్వమంటూ ఉంటే దాని గురించే. చదువు లేనివాణ్ణి, అయినా నా మాట మీద ఇంతమంది నడుస్తున్నారని ఛాతీ విరుచుకునేవాడు.

ఆ గర్వం ఎంత గట్టిదో చెబుతాను. తండా బలరాం మడమలో ముల్లు దిగి విరిగినప్పుడు డాక్టరు ముల్లు లాగి, సూదిమందు వేసి, నడవొచ్చని పంపించాడు. కుట్టు పడలేదు. బలరాం పళ్ళు బిగబట్టి కుంటుకుంటూ తోటకు వచ్చాడు. షాలేమ్‌రాజు వాడికి చదునుగా ఉన్న సాళ్ళు ఇచ్చాడు గానీ విశ్రాంతి మాత్రం ఇవ్వలేదు. ‘రూలు రూలే బలరామూ’ అన్నాడు. బలరాం ఒక్క మాట అనలేదు. అనకపోవడం వేరు, మరిచిపోవడం వేరు.

ఇక అల్లుడి సంగతి. షాలేమ్‌రాజు, సవరమ్మలకు మహిమ ఒక్కతే కూతురు. ఆ పిల్లను దూరం పంపలేక సవరమ్మ పట్టుబట్టి ఇల్లరికం అల్లుణ్ణి తెచ్చుకుంది. పెనుబల్లి వైపు కుర్రాడు, శాంతికుమార్. పేరుకు తగ్గట్టే ఉండేవాడు, ఎంత ఆటపట్టించినా కోపం తెచ్చుకోడు. ‘అత్తగారింటి అన్నం అరుగుతున్నదా బావా’ అని ముఠా అంతా ఏడిపిస్తే, ‘అరుగుతున్నది గని మామ పెట్టే చాకిరికి’ అని తనే నవ్వించేవాడు. గెడ పట్టడంలో మాత్రం అతన్ని మించినవాడు లేడు. మామ మోకాళ్ళు అరిగిపోయాయి, పైకి చూస్తే తల తిరుగుతుంది. ఆ ఇంటికి అన్నం పెట్టేది ఇప్పుడు శాంతికుమార్ కుడి చెయ్యే. వాళ్ళ పాప స్తుతి అప్పుడప్పుడే గోడ పట్టుకుని నిలబడుతోంది.

షాలేమ్‌రాజుకు అల్లుడంటే ప్రాణం. కానీ తోటలో అతన్ని ఒక్కనాడూ ‘తిన్నవా’ అని అడగగా నేను వినలేదు. ఎత్తు చెట్లన్నీ అతనికే. ఎండపొడ సాళ్ళు అతనికే. ఇంటికి పోయాక కోడికూర వండితే కాలు ముక్క అల్లుడి కంచంలో పడిందా లేదా అని తొంగి చూసేవాడు. ఏమిటి మేస్త్రీ ఈ రెండు నాలుకలని నేనోసారి అడిగాను. ‘నీకు తెల్వదు. అల్లునికి మెత్తటి పని ఇచ్చిండని ఒక్కడు అన్నా నా మాట రేపటి నుంచి ఎవడూ ఇనడు’ అన్నాడు. నాకప్పుడు ఆ మాట బాగానే అనిపించింది. న్యాయం తెలిసిన మనిషి అనుకున్నాను.

వానల కాలం గెలలు ఒకదాని వెంట ఒకటి పండే కాలం. ఆ రోజు పొద్దున వాన వెలిసింది. శాంతికుమార్ కొడవలికి ఆకురాయి పెట్టి బాగా పదును తేల్చాడు. గెడ రెండు ముక్కలను కలిపే బిగింపు తడికి వదులైంది కాబోలు, గెడ పైకెత్తుతుండగా పై ముక్క సర్రున జారి కిందికి దిగింది. ముఖానికి అడ్డం పెట్టిన కుడి చేతి మీద, మణికట్టుకు కాస్త పైన, లోపలి వైపు, కొడవలి గీరుకుంటూ పోయింది. ముందు తెల్లగా కనిపించింది. తర్వాత నెత్తురు. నేను తొట్టి దగ్గర చూస్తూ నిలబడిపోయాను. షాలేమ్‌రాజు మాత్రం ఒక్క అంగలో వచ్చి భుజం మీది తువాలు గాయం మీద అదిమిపట్టి చెయ్యి పైకెత్తించాడు. ధన్‌సింగ్ బండి తీశాడు. మేస్త్రి అల్లుణ్ణి మధ్యలో కూర్చోబెట్టుకుని, ఆ చెయ్యి పైకి పట్టుకునే సత్తుపల్లి ఆస్పత్రి దాకా పోయాడు. దారి పొడవునా ‘యేసయ్యా, యేసయ్యా’ అంటూనే ఉన్నాడని ధన్‌సింగ్ చెప్పాడు.

ఆ ఆస్పత్రిలో కొత్తగా వచ్చిన ఆడ డాక్టరు. వయసు చిన్నది, అందరూ చిన్న డాక్టరమ్మ అనేవాళ్ళు. ఆమె శాంతికుమార్‌ను లోపలికి తీసుకుపోయింది. ఆటోలో వెనకే వచ్చిన మహిమ కూడా లోపలికి పోయింది. షాలేమ్‌రాజు తలుపు బయట బల్ల మీద కూర్చున్నాడు. అనుభవం ఉన్న మనిషి కదా, గాయం పొడవును బట్టి తొమ్మిదో పదో అని మనసులో అనుకున్నాడట. అనుకున్నదానికంటే చాలా ముందే తలుపు తెరుచుకుంది.

‘ఎన్ని పడ్డయమ్మా?’ అని లేచి నిలబడ్డాడు.

‘పైన కుట్లు అవసరం రాలేదండీ. లోపల కండ కొంచెం తెగింది, దాన్ని కరిగిపోయే దారంతో కలిపాను. చర్మానికి గమ్ము పెట్టాను’ అంది డాక్టరమ్మ.

‘గమ్మా?’

‘గాయాలు అతికించడానికే చేసిన మందండీ అది. కోత సాఫీగా ఉంది, అంచులు చక్కగా కలిశాయి. మచ్చ కూడా పెద్దగా ఉండదు. కానీ ఒక్క మాట, జాగ్రత్తగా వినండి. వేళ్ళను వంచే నరానికి గీత పడింది. తెగలేదు, కానీ బలహీనంగా ఉంది. చర్మం తొందరగా అతుక్కుంటుంది, నరం అతుక్కోదు. నెల దాటేదాకా ఈ చేత్తో బరువు పట్టకూడదు, గట్టిగా పిడికిలి బిగించకూడదు.’

శాంతికుమార్ చెయ్యి చాపి చూపించాడు. కట్టు కూడా లేదు. నత్త పాకిన చారలాగా మెరుస్తున్న ఊదారంగు గీత ఒకటి, అంతే. అంత నెత్తురు కారిన చెయ్యి అదేనంటే నమ్మడం కష్టం. రెండంచులు దగ్గరికి పట్టి డాక్టరమ్మ ఓ చిన్న గొట్టంలోంచి బొట్లు బొట్లుగా పూసిందనీ, కాస్త వెచ్చగా అనిపించిందనీ, సూది నొప్పి లేదనీ శాంతికుమార్ సంబరంగా చెప్పాడు. మామ ముఖం మాత్రం వాడిపోయింది. గొంతు తగ్గించి అడిగాడు.

‘అమ్మా, ఎందుకైనా మంచిది, పైన ఓ రెండు కుట్లు వెయ్యరాదు?’

డాక్టరమ్మకు అర్థం కాలేదు. తన పనిని శంకిస్తున్నాడనుకుంది. ‘అవసరం లేకుండా సూదితో ఎందుకు పొడుస్తామండీ? ఇది ఊడిపోతుందని మీ భయమా? ఊడదు. నయమయ్యాక దానంతట అదే పొట్టు రాలినట్టు రాలిపోతుంది’ అంది.

‘ఒక్కటైనా సరే అమ్మా’ అన్నాడు షాలేమ్‌రాజు.

ఆమె నవ్వి, తర్వాతి మనిషిని పిలిచింది.

ఇది తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండిపోతుంది. అమ్మా, మా ముఠాలో ఇలా ఒక రూలుంది, కుట్టు లేకపోతే ఇతను పనికి పోవాల్సి వస్తుంది అని ఒక్క ముక్క చెబితే ఏమయ్యేది? ఆమె ఫోన్లోనైనా ముఠాకు రెండు మాటలు చెప్పేది. అప్పటికప్పుడు తనతో ఉన్న ధన్‌సింగ్‌ను లోపలికి పిలిపించినా సరిపోయేది. చెప్పలేదు. చెబితే అల్లుడి కోసం సిఫారసు అడిగినట్టవుతుంది. కుట్టయితే వేరు, అది అడక్కుండానే మాట్లాడుతుంది. మనిషి న్యాయంగా ఉండాలనుకోవడం మంచిదే. న్యాయంగా కనబడాలనుకోవడం ఉంది చూశారా, అది ఎంత పాడు జబ్బో నాకు ఆ ఇంట్లోనే తెలిసింది.

నాలుగు రోజులు వాన పట్టింది కనుక ఎవరూ తోటకు పోలేదు. గండం గడిచిందనుకున్నాడు మేస్త్రి. వాన తెరిపిచ్చేసరికి గెలలు పండి కాయలు రాలిపోతున్నాయి. పండిన గెలను ఆపితే తోటవాళ్ళు ఊరుకోరు. సాయంత్రం ముఠా అంతా మేస్త్రి వాకిట్లో చేరింది. నేనూ ఉన్నాను. శాంతికుమార్ వచ్చి పాపను ఎడమ చంకలో వేసుకుని నిలబడ్డాడు. అందరూ అతని చెయ్యి తిప్పి తిప్పి చూశారు.

‘గింతేనా?’ అన్నాడొకడు.

‘లోపల కుట్లున్నయంట’ అన్నాడు శాంతికుమార్.

‘లోపలికి దర్జీ ఎట్ల పోయిండు బావా?’ అని ఇంకొకడు అంటే అందరూ గొల్లుమన్నారు. శాంతికుమార్ కూడా నవ్వాడు. ఆ నవ్వుల మధ్యలో బలరాం నవ్వకుండా అడిగాడు.

‘మేస్త్రీ, నాకు తెల్వకడుగుతున్న. కుట్లు పడలే గద. మరి రేపు వస్తడా, రాడా?’

ధన్‌సింగ్ అడ్డుపడ్డాడు. ‘ఏందిరా బలరాం, ఆ రోజు నెత్తురు నువ్వు చూడలేదా?’

‘చూసిన. నా మడమల నెత్తురు గూడ అందరు చూసిండ్రు. నేనేమన్న కూసున్ననా? మాకొక రూలు, అల్లునికొక రూలా? ఉంటే ఉన్నదని చెప్పుండ్రి, ఊకుంట.’

బలరాం అడిగినదాంట్లో తప్పు లేదు. తప్పు లేని మాటకు జవాబు చెప్పడమే కష్టం. నెల దాకా బరువు పట్టొద్దని డాక్టరమ్మ తనతో చెప్పిన మాట షాలేమ్‌రాజు అప్పుడు చెప్పొచ్చు. రూలు మనం పెట్టుకున్నదే, డాక్టర్ల పద్ధతి మారింది, మనమూ మారదాం అనొచ్చు. బలరాం కూడా కాదనేవాడు కాదు. గునిసినా ఒప్పుకునేవాడు. అందరి కళ్ళూ మేస్త్రి నోటి వైపే ఉన్నాయి. అతను అల్లుడి వైపు చూడలేదు.

‘రేపు వస్తడు’ అన్నాడు.

తలుపు దగ్గర నిలబడ్డ మహిమ ముందుకొచ్చింది. ‘నాయినా, డాక్టరమ్మ ఏం జెప్పింది? నువ్వు గూడ ఇన్నవ్ గద!’

‘డాక్టర్లు అందరికి అట్లనే జెప్తరు. నాకు జెప్పలేదా? నేను పోలేదా?’

‘నీ నరానికి గీత పడిందా?’

‘లోపలికి పో బిడ్డా’ అన్నాడు షాలేమ్‌రాజు. గట్టిగా అనలేదు. కానీ ఆ గొంతు తర్వాత ఆ ఇంట్లో ఇంకో గొంతు లేవదు. శాంతికుమారే సర్దేశాడు. ‘పోనియ్ మహిమా, నొప్పి లేదులే. మామ మాట పోగొడ్తమా?’

మర్నాడు తోటలో శాంతికుమార్‌కు మొదట రాలిన కాయలు ఏరే పని ఇచ్చారు. ఆడవాళ్ళతో పాటు కూర్చుని ఎడమ చేత్తో ఏరుతున్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. ఆ తోటలో చెట్లు బాగా ఎత్తు. ఎత్తు గెడ పట్టేవాళ్ళు ముఠాలో ఇద్దరే, వాళ్ళలో ధన్‌సింగ్ ఆ పూట చుట్టాల తండాలో చావుంటే వెళ్ళాడు. గెలలు తలెత్తి చూస్తే నెత్తురు రంగులో వేలాడుతున్నాయి. బలరాం ఒకసారి గెడతో ప్రయత్నించి, మట్ట దాకా అందక దించేశాడు. దించి, కాయలు ఏరుతున్న శాంతికుమార్ వైపు చూశాడు. ఆ చూపును షాలేమ్‌రాజు చూశాడు.

నడిచి వెళ్ళి, నేల మీది గెడ తీసి, తన చేతులతోనే అల్లుడి చేతికిచ్చాడు.

శాంతికుమార్ దాన్ని అందుకున్నాడు. ఒక చెట్టు కోశాడు. రెండో చెట్టు దగ్గర గెడ కిందికి గుంజుతుండగా అతని ముఖం ఒక్కసారి ముడుచుకుపోయింది. మేస్త్రి అటు తిరిగి ఉన్నాడు. నేను అడిగాను, ఏమైందని. ‘ఏం లేదన్నా, తాడు తెగినట్టు లోపల టప్పుమన్నది’ అన్నాడు. ఊదా గీత మధ్యలో విచ్చుకుని నెత్తురు చెమ్మగిల్లింది. జేబు రుమాలు పంటితో బిగించి కట్టుకుని, ఎడమ చేతి బలంతోనే సాయంత్రం దాకా కోశాడు. ఆ రుమాలు నిండా తోట మట్టి, మట్టల నుసి. ఇంటికి పోయాక చొక్కా చేతులు దించుకుని ఎవరికీ చూపించలేదు. మహిమ చూస్తే తండ్రితో గొడవ పడుతుందని అతని భయం. మంచివాళ్ళ మంచితనం ఎక్కడ అక్కర్లేదో అక్కడే ఎక్కువగా పొంగుతుంది.

జ్వరం వచ్చేదాకా సంగతి బయటపడలేదు. మహిమ చొక్కా చెయ్యి పైకి లాగి చూసేసరికి ముంజేయి మోచేతి దాకా ఎర్రగా వాచి, గాయం నోరు తెరుచుకుని చీము పడుతోంది. మళ్ళీ సత్తుపల్లి. చిన్న డాక్టరమ్మ ఆ చెయ్యి చూసి కుర్చీలో కూర్చుండిపోయింది. ‘నేను చెప్పాను కదా, బరువు పట్టొద్దని చెప్పాను కదా’ అని రెండుసార్లు అంది. షాలేమ్‌రాజు గోడకానుకుని నిలబడి వింటున్నాడు. ఆమె అప్పటికప్పుడు ఖమ్మం పంపించింది.

ఖమ్మంలో కోసి, కడిగి, మళ్ళీ కోశారు. చెయ్యి తీసేయాల్సి వస్తుందేమోనన్నారు. సవరమ్మ ఆస్పత్రి మెట్ల మీద మోకాళ్ళేసి లేవలేదు. చెయ్యి మిగిలింది. కానీ నరం పూర్తిగా తెగి పైకి ముడుచుకుపోయింది, చీములో కుళ్ళింది, ముడి వేయడానికి ఏమీ మిగల్లేదన్నారు. ఈసారి పైన బోలెడన్ని కుట్లు పడ్డాయి. మణికట్టు నుంచి మోచేతి వంపు దాకా. మామ ఎప్పటిలాగా లెక్కపెట్టలేదు. మంచం పక్కన తలవంచుకుని కూర్చున్నాడు. ‘వేళ్ళు వంచు’ అని డాక్టరు అన్నప్పుడు శాంతికుమార్ కళ్ళు మూసుకుని, నుదుటి మీద చెమట పట్టేలా ప్రయత్నించాడు. బొటనవేలు కాస్త కదిలింది. మిగతా నాలుగు వేళ్ళు ఎవరివో అన్నట్టు అలాగే ఉన్నాయి.

ఆ వేళ్ళు ఇక ముడుచుకోవు. గెడ పట్టవు, ముద్ద కలపవు, పాప చెయ్యి పట్టుకుని నడిపించవు.

ఊరు ఊరంతా బంకను తిట్టింది. ‘చెప్పులకు పెట్టేది మనుషులకు పెట్టిండ్రు’ అన్నారు. ‘బంక మోసం జేసింది’ అన్నారు. ఆదివారం చర్చిలో కూడా ‘బంక వల్ల చెయ్యి పోగొట్టుకున్న మా సహోదరుని కొరకు’ అని ప్రార్థించారు. ఆ మాటకు ఎవరూ అడ్డు చెప్పలేదు. ఎందుకు చెబుతారు? బంక తప్పయితే ఇంకెవరిదీ తప్పు కాదు. అప్పటి నుంచి చుట్టుపక్కల వాళ్ళంతా చిన్న పిల్లలకు గడ్డం చిట్లినా సరే, సూదే వెయ్యండి, బంకొద్దు అని డాక్టర్లతో పోట్లాటకు దిగారు. కుట్లు అక్కర్లేని పిల్లలు కూడా ఏడ్చుకుంటూ వేయించుకున్నారు. చిన్న డాక్టరమ్మ దగ్గరికి మా ఊరివాళ్ళు పోవడం మానేశారు. ఆమె చేసిన తప్పేమిటో నాకైతే ఇప్పటికీ తెలియదు.

షాలేమ్‌రాజు మేస్త్రిగిరీ వదిలేశాడు. చర్చి మెట్ల మీద కూర్చోవడం మానేశాడు. ఎవరు పలకరించినా ‘నీ తప్పేముంది మేస్త్రీ, ఆ బంకది’ అనేవాళ్ళు. ఆ ఓదార్పు వినగానే మనిషి లేచి లోపలికి పోయేవాడు. మేము అది దుఃఖమనుకున్నాం.

ఓ ఆదివారం ప్రార్థన అయ్యాక బలరాం వచ్చాడు. నేను అరుగు మీద షాలేమ్‌రాజు పక్కన కూర్చుని ఉన్నాను. లోపల మహిమ మొగుడికి అన్నం కలిపి పెడుతోంది. బలరాం వాకిట్లోనే నిలబడిపోయాడు, అరుగెక్కలేదు.

‘మేస్త్రీ, ఆ రోజు ఆ మాట నేననకుంటే అయిపోతుండె. నా నోరు పడిపోను. శాంతికుమార్ వాటా ఎప్పటికీ ఇయ్యాలని ముఠాల అందరం అనుకున్నం. అయినా ఆ బంక గిట్ల మోసం జేస్తదని ఎవనికి తెల్సు?’

చేతికి అన్నం మెతుకులతోనే మహిమ బయటికి వచ్చింది. ఆ పిల్ల గొంతు పెంచలేదు.

‘బంకను అనకుండ్రన్నా. దాని పని అది జేసింది. నిన్ను గూడ నేనేమనను. నీ కాలికి ముల్లు దిగినప్పుడు నిన్ను కూసోబెట్టలే, నువ్వడగకుంటే ఎవరడుగుతరు? అడిగిన మాటకు జవాబు చెప్పాల్సినోళ్ళు వేరే ఉన్నరు.’ తండ్రి వైపు తిరిగింది. ‘నాయినా, నేనొక్కటే అడుగుత. కసిరినా సరే, ఇయ్యాల లోపలికి పోను. ఆ చెయ్యి ధన్‌సింగ్ అన్నదయితే, డాక్టరమ్మ నీతోని ఆ మాట జెప్పినంక, ఆ గెడ నీ చేతులతో ఇచ్చేటోనివా?’

లోపలి నుంచి శాంతికుమార్ ‘మహిమా, వద్దే’ అన్నాడు. ఆమె కదలలేదు.

రూలు రూలే అంటాడని నేను అనుకున్నాను. ఆ మాట అంటే బాగుండునని కూడా అనుకున్నాను. కూతురు కోప్పడేది, తండ్రి మూర్ఖుడని తిట్టేది, ఏడ్చేది, ఎప్పటికో ఒకప్పటికి మరిచేది. షాలేమ్‌రాజు తలెత్తి కూతుర్ని చూశాడు.

‘ఇయ్యకపోదును బిడ్డా’ అన్నాడు. ‘పరాయోడైతే కొట్లాడి అయినా కూసోబెడుదును.’

బలరాం తల దించుకుని వాకిట్లోంచి వెళ్ళిపోయాడు. మహిమ తిట్టలేదు, ఏడవలేదు. ఆ జవాబు తనకు ముందే తెలుసన్నట్టు తలూపి, లోపలికి పోయి, మొగుడికి మిగిలిన అన్నం తినిపించింది.